అమ్మకు మందు పడటం లేదు: మానసిక వ్యాధి చికిత్సలో దుష్ప్రభావాల చర్చ ఎక్కడి దాకా వచ్చింది?

"మందు పడటం లేదు" అన్నది తెలుగిళ్లలో రోజూ వినపడే మాట. కడుపులో తిప్పడం నుంచి ఒంటి మీద దద్దుర్ల దాకా, మతిమరుపు నుంచి చేతుల వణుకు దాకా అన్నీ అందులో ఇమిడిపోతాయి. స్కిజోఫ్రెనియాకో, బైపోలార్ వ్యాధికో 20, 30 ఏళ్లుగా మందులు వాడుతున్న తల్లి ఆ మాట అంటే మాత్రం వినేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా వింటారు. డాక్టరు చెవికి అది "మందు మానేస్తానంటోంది" అని వినపడుతుంది. కొడుకుకు "జబ్బు మళ్లీ తిరగబెడుతోందేమో" అన్న భయం పట్టుకుంటుంది. ఆవిడ చెప్పాలనుకున్నది ఇంతే కావచ్చు: మూడు రోజులుగా విరేచనం కాలేదు, నోరు ఎండిపోతోంది, కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నిలవలేకపోతున్నాను.

ఈ దుష్ప్రభావాల మీద వైద్యలోకంలో 70 ఏళ్లుగా చర్చ నడుస్తోంది. పరిశోధనలు పెరిగేకొద్దీ అది తేలికపడకపోగా చిక్కుపడింది. పైగా డాక్టరుకూ రోగికీ మధ్య వ్యవహారంగానే ఎక్కువగా సాగింది. మన దగ్గర ఆ ఇద్దరి మధ్యా ఒక మూడో మనిషి ఉంటారు. మాత్రల డబ్బా నింపేదీ, పాత చీటీలు దాచేదీ, ఓపీలో లైను కట్టేదీ వాళ్లే. రోగి తల్లో తండ్రో అయినప్పుడు ఆ మనిషి కూతురో, కోడలో, కొడుకో అవుతారు. ఈ చర్చలో ఏది తేలింది, ఏది తేలలేదు, ఆ మూడో మనిషికీ అసలు మాత్ర మింగే మనిషికీ అందులో ఎంత చోటుంది అన్నది ఇక్కడ చూద్దాం.

వణుకునే గుణం అనుకున్న రోజులు

ఈ చరిత్రలో మన నేల మీది మొక్క ఒకటుంది. మతి చలించినవారికి సర్పగంధ వేరు వాడటం ఈ దేశంలో పాత అలవాటు. దాని గుణం గురించి కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో వైద్య పత్రికలో రాశారు. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను 1954లో నేథన్ క్లైన్ అమెరికాలో మానసిక రోగులకు వాడి ఫలితాలు ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందే, 1952లో, పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజైన్‌తో పని మొదలుపెట్టారు. మందులు వేరైనా అవి తెచ్చిన ఇబ్బంది ఒకటే. చేయి వణికింది, ఒళ్లు బిగుసుకుంది, ముఖంలో కదలిక పోయింది, అడుగు చిన్నబడింది.

అప్పటి వైద్యుల్లో చాలామంది దీన్ని దోషంగా చూడలేదు. మందు మెదడుకు అందిందనడానికి అది గుర్తనుకున్నారు. జర్మన్ వైద్యుడు హాన్స్ యోఆకిమ్ హాజె అయితే రోగి చేతిరాతనే కొలబద్ద చేసుకున్నారు. మోతాదు పెంచుతూ రాయిస్తూ పోతే అక్షరాలు ఎక్కడ కుంచించుకుపోవడం మొదలవుతుందో అక్కడ మందు పనిచేయడం మొదలైనట్టు అన్నది ఆయన సిద్ధాంతం. ఆ గీత దాటి ఇంకా ఇంకా ఎక్కించడం ఆ తర్వాతి కాలపు పొరపాటు.

ఆ చేతిరాత సంగతి ఇప్పటికీ మన ఇళ్లలో పనికొస్తుంది. పింఛను తీసుకునే తండ్రి సంతకం పాతదానితో కలవడం లేదని బ్యాంకు కౌంటరులో వెనక్కి పంపితే, పిల్లలు వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు. పదేళ్ల నాటి చెక్కు మీది సంతకాన్ని నిన్నటి సంతకం పక్కన పెట్టి చూడాలి. మొదటి అక్షరం బాగానే ఉండి, చివరికి వచ్చేసరికి చీమల బారులా సన్నబడిపోతుంటే అది వయసు ఒక్కదాని పని కాకపోవచ్చు. మోతాదు గురించి డాక్టరును అడగాల్సిన సమయం అది.

చికిత్సకూ వణుకుకూ మధ్య ఖాళీ జాగా ఉందని గట్టిగా తేల్చిన పని 2000లో వచ్చింది. టొరంటోలో షితిజ్ కపూర్ బృందం హాలోపెరిడాల్ అనే మానసిక వ్యాధి మందు వాడుతున్నవారి మెదళ్లను స్కాన్ చేసి చూసింది. డోపమిన్ గ్రాహకాల్లో దాదాపు 65 శాతాన్ని మందు పట్టుకున్నప్పుడు గుణం కనిపించే అవకాశం పెరిగింది. 78 శాతం దాటాక వణుకు, బిగుతు మొదలయ్యాయి. అంటే వణుకు రానిదే మందు పనిచేయదన్న పాత నమ్మకానికి ఆధారం పోయింది. మంచి చేసే మోతాదుకూ బాధపెట్టే మోతాదుకూ మధ్య ఉన్నది ఇరుకు సందు. అయినా సందు ఉంది.

కొత్త మందులు, కొత్త లెక్కలు

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. కొందరిలో మందు ఏళ్ల తరబడి వాడాక నోరు, నాలుక, దవడ వాటంతట అవే కదలడం మొదలవుతుంది. వైద్యులు దీన్ని 1957 నుంచే గమనిస్తున్నారు. టార్డివ్ డిస్కినీసియా అన్న పేరు 1964లో స్థిరపడింది. ఇళ్లలో దీన్ని పోల్చుకోవడం కష్టం. ముసలావిడ వక్క నములుతోందనో, పళ్లు లేక దవడ ఆడిస్తోందనో అనుకుంటారు. వయసు మళ్లినవారికి, అందులోనూ ఆడవారికి ఇది వచ్చే ప్రమాదం ఎక్కువ. మందు ఆపినా కొందరిలో పోదు. దీనికోసమే తయారైన మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది 2017లో, అంటే మొదటిసారి గమనించిన 60 ఏళ్లకు.

వణుకు తక్కువగా తెచ్చే క్లోజపిన్ వచ్చినప్పుడు ఆశలు చిగురించాయి. 1975లో ఫిన్లాండ్‌లో ఆ మందు వాడిన కొందరిలో తెల్ల రక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోవడంతో చాలా దేశాలు దాన్ని పక్కన పెట్టాయి. ఏ మందుకూ లొంగని స్కిజోఫ్రెనియాలో అది మిగతావాటికంటే మెరుగని 1988లో జాన్ కేన్ బృందం చూపించాక, క్రమం తప్పని రక్తపరీక్షల షరతు మీద తిరిగి వచ్చింది. 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ పరీక్షల తప్పనిసరి నమోదు కార్యక్రమాన్ని ఎత్తేసింది. పరీక్షలు చేయించాలన్న సిఫారసు మాత్రం అలాగే ఉంది. ఇంతకాలం అందరి కళ్లూ రక్తకణాల మీదే ఉండగా, క్లోజపిన్ వల్ల పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి రావడాన్ని సరిగా పట్టించుకోలేదు. మలబద్ధకం గురించిన హెచ్చరికను ఎఫ్‌డీఏ బిగించింది 2020లోనే. రక్తం రిపోర్టు లాబ్‌లో దొరుకుతుంది. విరేచనం అయిందో లేదో ఇంట్లో అడిగితే గానీ తెలియదు.

1990లలో వచ్చిన రిస్పెరిడోన్, ఒలాన్జపిన్ లాంటి కొత్త తరం మందుల మీద పెట్టుకున్న నమ్మకాన్ని 2005లో వెలువడిన కేటీ అనే అమెరికా అధ్యయనం కుదిపింది. 1,493 మందిలో 74 శాతం 18 నెలల లోపే తమకిచ్చిన మందును వదిలేశారు. గుణం కనబడక కొందరు, భరించలేక కొందరు, తమంతట తామే కొందరు. వణుకు తగ్గిన చోట బరువు, షుగరు, కొలెస్ట్రాల్ పెరిగాయి. నిజానికి అంతకు ఏడాది ముందే, 2004లో, అమెరికా మధుమేహ సంఘం, సైకియాట్రీ సంఘం కలిసి ఒక నియమావళి ఇచ్చాయి. మందు మొదలుపెట్టేటప్పుడు బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొవ్వులు చూడాలి. తర్వాత నిర్ణీత గడువుల్లో మళ్లీ చూడాలి. బరువు తూకానికీ నడుము కొలిచే టేపుకూ ఖర్చేమీ లేదు. అయినా మన మందుల చీటీల్లో ఈ అంకెలు కనపడేది అరుదు.

ఆపితే తిరగబెడుతుందనేవారు, తగ్గించవచ్చనేవారు

దుష్ప్రభావాలు భరించలేనివైతే ఏం చేయాలన్న దగ్గర ప్రధానంగా రెండు వర్గాలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

మొదటి వర్గం చేతిలో ఉన్న ఆధారాలు బలమైనవి. 2012లో స్టెఫాన్ లాయిక్ట్ బృందం 65 పరిశోధనలను కలిపి చూసింది. ఏడాది లోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 27 శాతం, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 64 శాతం. ఫిన్లాండ్‌లో 62,250 మంది రికార్డులను 20 ఏళ్ల దాకా పరిశీలించిన జారి టిహోనెన్ బృందానికి, మందు వాడుతున్న కాలంలో మరణాలు తక్కువగా కనిపించాయి. జబ్బు తిరగబెట్టడం చిన్న సంగతి కాదని ఈ వర్గం గుర్తు చేస్తుంది. తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయిన రాత్రులు, నీళ్లలో విషం కలిపారంటూ అన్నం మానేసిన వారాలు చూసిన పిల్లలకు ఈ వాదన వేరే చెప్పనక్కరలేదు.

రెండో వర్గం మందు వద్దనడం లేదు, పని జరిగేంత తక్కువలో ఉంచమంటుంది. 2013లో నెదర్లాండ్స్‌కు చెందిన లెక్స్ వుండరింక్ 103 మందిని ఏడేళ్ల తర్వాత చూసినప్పుడు, తొలిదశలో మోతాదు తగ్గించే పద్ధతిలో నడిచినవారిలో 40 శాతం, యథాతథంగా కొనసాగించినవారిలో 18 శాతం మంది కోలుకుని ఉన్నారు. ఈ ఫలితం పెద్ద ఆశ రేపింది. పదేళ్ల తర్వాత, 2023లో, ఇంగ్లండ్‌లో జొవాన్నా మాంక్రీఫ్ నడిపిన రాడార్ అధ్యయనం ఆ ఆశకు హద్దు గీసింది. 253 మందిలో మోతాదు తగ్గించినవారి రోజువారీ జీవనం రెండేళ్ల తర్వాత మెరుగు పడలేదు. ఆసుపత్రిలో చేరాల్సినంతగా జబ్బు తిరగబెట్టినవారు వాళ్లలో 25 శాతం, కొనసాగించినవారిలో 13 శాతం. మందులను ఏళ్లుగా విమర్శిస్తూ వచ్చిన ఆమె తన వాదానికి ఎదురొచ్చిన ఈ ఫలితాన్ని దాచకుండా ప్రకటించారు. ఈ చర్చలో గౌరవించాల్సిన నడత అది.

ఈ రెండు వర్గాల మధ్య ఒక సాంకేతిక ప్రశ్న మిగిలింది: తగ్గించడమంటే ఎంత నెమ్మదిగా? మార్క్ హోరోవిట్జ్, మరికొందరు 2021లో ఒక సంగతి చెప్పారు. మోతాదును సగానికి తగ్గిస్తే మెదడులో దాని ప్రభావం సగానికి తగ్గదు. చివరి చిన్న మోతాదుల దగ్గరే పెద్ద పతనం ఉంటుంది. కాబట్టి చివరి మెట్లు మరీ చిన్నవిగా, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేలా దిగాలంటారు. ఈ లెక్కన, తండ్రికి ఒళ్లు బాగుందని పిల్లలు ఒక పూట మాత్రను తమంతట తామే మానిపించడం రెండు వర్గాల్లో ఏ ఒక్కరూ సమర్థించే పని కాదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే మొదట కనపడేది ఒకటుంది. మొదటి వర్గం కొలిచింది జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నది. రెండో వర్గం మనిషి ఎలా బతుకుతున్నాడో కొలవాలంది. రెండో కొలత ఎంచుకోవడం సబబే, కానీ దానితోనూ తగ్గించడం గెలవలేదు. ఇక అమ్మానాన్నల విషయానికొస్తే రెండు వర్గాల అంకెలూ సగమే పనికొస్తాయి. వుండరింక్ చూసింది మొదటిసారి జబ్బు పడ్డవారిని. కేటీలోకి 18 నుంచి 65 ఏళ్ల వారినే తీసుకున్నారు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో పాటు 30 ఏళ్ల పాత జబ్బున్న 68 ఏళ్ల మనిషి ఈ అంకెల్లో దాదాపు కనపడరు.

వయసుతో మారే లెక్క

అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 45 ఏళ్లప్పుడు కుదిరిన మాత్ర 70 ఏళ్లకు అదే చీటీ మీద కొనసాగుతూ ఉంటుంది. ఈ పాతికేళ్లలో మూత్రపిండాల వడపోత తగ్గింది, కండ తగ్గింది, కొవ్వు పెరిగింది, పక్కన నాలుగు రకాల మందులు చేరాయి.

లిథియంతో చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదానికి వాడి చూపిన ఈ లవణం బైపోలార్ వ్యాధికి ఇప్పటికీ గట్టి మందు. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. వృద్ధుల్లో ఇంకా తక్కువలోనే ఉంచుతారు. 1.5 దాటితే విషమవుతుంది. ఇప్పుడు ఒక ఇంటిని ఊహించండి. లిథియం వాడే అమ్మకు బీపీ వచ్చింది. ఫిజీషియన్ టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, ఆవిడ ఆవకాయ మానేసింది. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇచ్చాడు. రోహిణీ కార్తె ఎండలకు చెమటలు పోశాయి. ఇందులో ఎవరూ తప్పు చేసినట్టు కనపడదు. ఆ బీపీ మాత్రలోని రెండు మందులూ, ఉప్పు తగ్గడం, నొప్పి మాత్ర, ఒంట్లో నీరు ఇంకడం, అన్నీ రక్తంలో లిథియాన్ని పెంచేవే. వాంతులు, విరేచనాలు, పెద్ద వణుకు, తడబడే మాట, తూలే నడక మొదలైతే దాన్ని వడదెబ్బ అనుకుని పడుకోబెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి లిథియం పరీక్ష చేయించాలి.

రెండో ఉదాహరణ ట్రైహెక్సీఫెనిడిల్. పాసిటేన్ పేరుతో మన మందుల షాపుల్లో అందరికీ తెలిసిన మాత్ర. వణుకు రాకుండా ముందుజాగ్రత్తగా దీన్ని కలిపి రాయడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. అందరికీ ముందే ఇవ్వడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1990లోనే ఏకాభిప్రాయం ప్రకటించారు. వృద్ధులకు తగని మందుల జాబితాగా 1991లో మొదలైన బీర్స్ ప్రమాణాలూ దీన్ని వద్దనే అంటాయి. నోరు ఎండడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, చూపు మసకబారడం, అన్నిటికంటే మించి మతిమరుపు దీని వల్ల రావచ్చు. వణుకును తగ్గించే ఈ మందు నోరు, నాలుక కదలికల జబ్బును పెంచవచ్చు కూడా. అలాగని ఎవరికీ వద్దని కాదు. మెడ ఒక పక్కకు లాగేసి, కళ్లు పైకి తిరిగిపోయిన మనిషికి ఇలాంటి మందే వెంటనే ఊరట. అవసరం ఎప్పుడు తీరిందో చూసి ఆపేవారు లేకపోవడమే ఇబ్బంది.

దుష్ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి దానికి ఇంకో మందు రాయడాన్ని పౌలా రోచన్, జెర్రీ గుర్విట్జ్ 1990లలో మందుల గొలుసు అన్న భావంతో వర్ణించారు. మన గొలుసు ఇలా సాగుతుంది: వణుకుకు పాసిటేన్, దాని మలబద్ధకానికి విరేచనం మాత్ర, మతిమరుపుకు జ్ఞాపకశక్తి మాత్ర, కడుపు ఉబ్బరానికి గ్యాస్ మాత్ర. ఈ చివరిదాని గురించి ఆగి చెప్పాలి. ఇక్కడ అమ్మే గ్యాస్ మాత్రలు కొన్నింటిలో పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది డోపమిన్‌ను అడ్డుకునే మందే, మానసిక వ్యాధి మందులకు దగ్గరి చుట్టం. వృద్ధుల్లో అదొక్కటే వణుకునూ బిగుతునూ తేగలదు. సైకియాట్రిస్టు వణుకు తగ్గించాలని మోతాదు దించుతుంటే, గ్యాస్ మాత్ర వెనక నుంచి దాన్ని పెంచుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి మాత్రనూ, నొప్పి బిళ్ళతో సహా, ఒకే సంచిలో వేసి ఒకే డాక్టరుకు చూపడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఈ గొలుసును తెంచే పని అక్కడే మొదలవుతుంది.

జబ్బు డిమెన్షియా అయితే లెక్క వేరు. 17 పరిశోధనలను చూసి, కొత్త తరం మానసిక వ్యాధి మందులు వాడిన డిమెన్షియా వృద్ధుల్లో మరణం ముప్పు 1.6 నుంచి 1.7 రెట్లు ఉందని ఎఫ్‌డీఏ 2005లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక ఇచ్చింది. 2008లో పాత తరం మందులకూ దాన్ని విస్తరించింది. స్కిజోఫ్రెనియా గురించిన వాదనలను యథాతథంగా డిమెన్షియాకు, దీని భయాన్ని దానికి మార్చి వాడటం కుటుంబాల్లో తరచూ జరిగే గందరగోళం.

ఇంటికి అనుకూలమైన దుష్ప్రభావం

ఇంతదాకా వచ్చిన వాదనలన్నీ దుష్ప్రభావాన్ని ఎవరు గుర్తించాలన్న ప్రశ్నను పక్కన పెట్టేశాయి. ఇళ్లలో అన్ని దుష్ప్రభావాలూ సమానం కావు. వణుకు పదిమందికీ కనపడుతుంది, పరువుకు తగులుతుంది, కాబట్టి డాక్టరు దాకా వెళుతుంది. బరువు పెరిగితే "ఒళ్లు చేసింది, బాగుంది" అంటారు. మత్తు మాత్రం ఇంటికి అనుకూలం. పగలంతా పడుకునే తల్లి గొడవ చేయదు, గేటు దాటి వెళ్లదు, కోడలిని అనుమానించదు. "ఇప్పుడు బాగుందండీ, ప్రశాంతంగా ఉంటోంది" అన్న మాట మీద మోతాదు అలాగే కొనసాగుతుంది. ఆ ప్రశాంతత ఆవిడదో, ఇంటిదో ఎవరూ విడదీసి చూడరు. ఇది పిల్లల స్వార్థమని తేలిగ్గా అనేయలేం. రెండేళ్లుగా రాత్రులు నిద్ర లేని కూతురికి ఆ మత్తు ఊపిరి తీసుకునే సందు. అయినా అది దుష్ప్రభావమే. పడిపోయి తుంటి విరగడానికి, తిన్నది శ్వాసనాళంలోకి పోవడానికి అదే దారి.

మరోవైపు రోగిని నిజంగా నలిపేసేవి బయటికి కనపడవు. అకథీసియా అనే లోపలి అస్థిమితాన్ని చెక్ వైద్యుడు హాష్కొవెట్స్ 1900ల మొదట్లోనే వర్ణించారు, ఈ మందులు పుట్టక ముందే. మందుల కాలంలో అది మామూలైంది. కాళ్లలో పాకుతున్నట్టు, ఒక్క చోట నిలవలేనట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అది జబ్బు ముదరడంలా కనిపించి ఇంకో మాత్ర వేస్తారు, దానితో అస్థిమితం ఇంకా పెరుగుతుంది. ఇక అడగలేని ప్రశ్నలున్నాయి. మామగారిని మూత్రం గురించి కోడలు అడగదు. తండ్రికి లైంగిక ఇబ్బంది ఉందా అని కొడుకు నోరు తెరవలేడు. తల్లి ఛాతీలో పాలలాంటి స్రావం వస్తే ఆవిడ ఎవరితోనూ అనదు. ప్రొలాక్టిన్ పెరగడం వల్ల రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వాడేవారిలో ఇది జరుగుతుంటుంది. ఈ ప్రశ్నలు డాక్టరే, ఇంట్లోవాళ్లను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టి అడగాలి. రద్దీ ఓపీల్లో ఆ ఐదు నిమిషాలు దొరకవు.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకు వీడియో కాల్‌లో ముఖం కనపడుతుంది. ఈడ్చే పాదం కనపడదు, చొల్లుతో తడిసిన దిండు కనపడదు. ఫోను కాసేపు ఎవరి చేతికైనా ఇచ్చి నాన్నను వరండా చివరిదాకా నడిచి రమ్మనడం వాళ్లు చేయగలిగిన మంచి పరీక్ష.

మజ్జిగలో కలిపిన మాత్ర

మందు వేసుకోనని మొండికేసిన తల్లికి తెలియకుండా చారులోనో మజ్జిగలోనో మాత్ర నూరి కలపడం ఈ దేశంలో కొత్తేమీ కాదు. కుటుంబాలు ఇలా చేస్తున్న సంగతిని చెన్నైలోని స్కార్ఫ్ సంస్థకు చెందిన టి.ఎన్. శ్రీనివాసన్, ఆర్. తార 2002లోనే అంతర్జాతీయ పత్రికలో చర్చకు పెట్టారు. సమర్థించేవారి మాట: డాక్టరు దూరం, ఆసుపత్రికి ఈడ్చుకెళ్లడం ఇంతకంటే హింస, మందు పడ్డాక ఆవిడే ఒప్పుకుంటుంది. వ్యతిరేకించేవారి మాట: ఇది మోసం, బయటపడితే అన్నం మీద కూడా నమ్మకం పోతుంది, విషం పెడుతున్నారన్న ఆవిడ భ్రమను మనమే నిజం చేసినట్టు.

ఈ వాదనలో దుష్ప్రభావాల కోణం దాదాపు వినపడదు, నా దృష్టిలో అదే అన్నిటికంటే బరువైనది. తనకు మందు అందుతోందని తెలియని మనిషి తన బిగుసుకుపోయిన ఒంటికి కారణం చెప్పలేరు. మెడ లాగేసినప్పుడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఆయనకూ చెప్పలేరు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నూరితే మోతాదంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. జ్వరంతో పాటు ఒళ్లు కర్రలా బిగుసుకుని స్పృహ తప్పుతుంటే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే ప్రాణాపాయ స్థితి కావచ్చు. అప్పుడు ఎమర్జెన్సీలో డాక్టరుకు నిజం చెప్పడానికి ఇంట్లోవాళ్లు తటపటాయిస్తే సమయం చేయి దాటిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్ దీనికి మార్గమని కొందరంటారు. రోజూ మాత్ర దగ్గర జరిగే యుద్ధం తప్పుతుంది, నిజమే. అయితే ఇంజెక్షన్ పడకపోతే దాన్ని వెనక్కి తీయలేం. దానికీ ఆవిడ ఒప్పుకోలు కావాలి.

చట్టం ఏమంటుంది

2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ చర్చలో తక్కువగా చదివిన పత్రం. తన చికిత్స ఏమిటో, దాని తెలిసిన దుష్ప్రభావాలేమిటో తెలుసుకునే హక్కును 22వ సెక్షన్ రోగికి ఇస్తుంది. బాగున్న రోజుల్లోనే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే వీలును 5వ సెక్షన్ ఇస్తుంది. ఫలానా ఇంజెక్షన్‌కు నాకు మెడ లాగేస్తుంది, అది వద్దు అని ఒక తల్లి రాసిపెట్టవచ్చు. 14వ సెక్షన్ కింద నామినేటెడ్ ప్రతినిధిగా నియమితులైన కూతురికో కొడుకుకో, జబ్బు, చికిత్స వివరాలు అడిగే హక్కును 17వ సెక్షన్ చెబుతుంది. మూడో మనిషికి చట్టం ఇచ్చిన చోటు ఇదే, అందులో ఎవరుండాలో ఎంచుకునే మొదటి హక్కు రోగిదే. తెలియకుండా ఇచ్చే మందు గురించి చట్టం పేరు పెట్టి మాట్లాడలేదు. ఒప్పుకోలు గురించి అది చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ అలవాటుకు అందులో చోటు దొరకడం కష్టం.

దుష్ప్రభావాన్ని నమోదు చేయించే దారి ఒకటుందని చాలామందికి తెలియదు. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియాకు డాక్టర్లే కాదు, రోగీ కుటుంబమూ 1800-180-3024కు ఫోను చేసి చెప్పవచ్చు. మానసిక ఆరోగ్య సలహాకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకా తేలనివి

65 దాటినవారిలో పాత మోతాదును ఎప్పుడు, ఎంత తగ్గించవచ్చన్నదానికి నమ్మదగిన ఆధారం పలచనే. ఏళ్లుగా వాడుతున్న పాసిటేన్‌ను చాలామందిలో నెమ్మదిగా మాన్పించవచ్చని తెలిసినా, ఎవరిలో వీలుకాదో ముందే చెప్పే పద్ధతి లేదు. బరువుకు మెట్‌ఫార్మిన్ కొంత పనిచేస్తుందని తెలుసు, కానీ మూత్రపిండాలు మందగించిన వృద్ధులకు అదీ ఆలోచించి ఇవ్వాల్సిందే. జబ్బు తిరగబెట్టే భయాన్నీ రోజూ పడే బాధనూ ఒకే త్రాసులో ఎలా తూచాలన్నది వైద్యం ఒక్కటే తేల్చగలది కాదు. ఆ త్రాసు ఎవరి చేతిలో ఉండాలన్నదీ తేలలేదు.

ఇప్పటికి ఓపీ గదిలో జరిగేది ఇది. అమ్మ కుర్చీలో కూర్చుంటుంది, కూతురు వెనక నిలబడుతుంది. "ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్న అమ్మ తల మీదుగా కూతురి దగ్గరికి వెళుతుంది. కూతురి చేతిలో ఒక నోటుబుక్కు ఉంటే మేలు. అందులో తేదీ, మాత్ర, విరేచనం, నిద్ర, బరువు రాసి ఉండాలి. ప్రతి పేజీలో ఒక లైను అమ్మకు వదిలిపెట్టాలి, ఈ వారం ఒంట్లో ఎలా ఉందో ఆవిడ మాటల్లో, ఆవిడ చేత్తో రాయడానికి. ఆ లైను చదివితే బాధ ఏమిటో తెలుస్తుంది. ఆ అక్షరాలు పోయిన నెల కంటే చిన్నవయ్యాయేమో చూస్తే, ఆవిడ రాయనిది కూడా తెలుస్తుంది.